పండ్లు వేసి కాల్చిన ఓట్సు

నాగోలులో బయలుదేరిన మెట్రో రైలు నగరాన్ని ఈ కొస నుండి ఆ కొసకు దాటి రాయదుర్గంలో ఆగుతుంది. ఈ చివరి స్టేషనును 2019 నవంబరు 29న తెరచినారు. ఉదయం ఎనిమిది మొదలు పది గంటల వరకు అక్కడ దిగే జనంలో అధికసంఖ్యాకులు మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం కార్యాలయాలలో కంప్యూటరు ముందు కూర్చుని పని చేసేవారు. తెల్లవారుతూనే ఇల్లు కదలవలసిన ఇట్టివారికి ఫలహారమంటే తరచుగా మెట్ల దిగువ నిలబడి త్రాగే టీ, దానితో రెండు బిస్కట్లు; కాదంటే పదకొండు గంటలకు కాంటీనులో ఒక పఫ్, ఒక తీపి కాఫీ. రాత్రి షిఫ్టు ముగించుకొని ఆ వేళకే ఇల్లు చేరేవారి సంగతి మరీ విడ్డూరం. తాము తినేది ఫలహారమో, రాత్రి భోజనమో వారే చెప్పలేరు.

ఈ జీవన విధానం శరీరం మీద ఎట్టి గుర్తులు వేస్తున్నదో ఇటీవల కొంత తెలిసివచ్చినది. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు, గచ్చిబౌలిలోని ఎ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులు కలసి చేసిన పరిశీలన ఒకటి 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో వెలువడినది. వారు నగరంలోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించినారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో ఉండవలసిన దానికన్న ఎక్కువ కొవ్వు పేరుకొని ఉన్నది. 71 శాతం మంది స్థూలకాయులు. మూడువందల చిల్లర మందిని చూచి లక్షలమంది సంగతి తేల్చి చెప్పలేము, నిజమే. కాని మద్యం ముట్టనివారికి కూడా కాలేయం కొవ్వు పట్టడమేమిటని ఆశ్చర్యపడేవారు ఇంకా ఉన్నారు గనుక కారణం చెప్పుకోవడం మంచిది. అవసరానికి మించి వచ్చిన చక్కెరను, పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. గంటల తరబడి కూర్చునే మనిషికి ఆ నిల్వ ఖర్చయ్యే దారి లేదు.

ఒక ఫలహారం ఈ వ్యాధిని కుదర్చదు. ఆ మాట ముందే చెప్పి మొదలుపెట్టడం ధర్మం. ఇంట్లో వేడివేడిగా పెసరట్టో, సాంబారుతో ఇడ్లీయో తిని బయలుదేరే అదృష్టవంతులు ఓట్సు జోలికి పోనక్కరలేదు. మన పల్లెలలో జొన్నగట్క, తైదంబలి త్రాగి పొలం పోయినవారికి పీచు కొరత అంటే ఏమిటో తెలియదు. ఈ వ్యాసం ప్రొద్దున్నే పొయ్యి వెలిగించే తీరిక లేనివారి కొరకు. ఆదివారం సాయంత్రం ఒక గంట వెచ్చించి, ముక్కలు కోసి ఫ్రిజ్‌లో పెట్టుకొని, తరువాతి మూడు ఉదయాలు రెండు నిమిషాలలో తినగల పదార్థం ఇది. దీనిలోని మేలంతా రెండు విషయాలమీద ఆధారపడి ఉన్నది: గింజ ఎట్టిది, తీపి ఎక్కడిది. ఈ రెండూ తప్పితే మిగిలేది పేరు మార్చుకున్న కేకు.

ముందు గింజ సంగతి. ఓట్సును యవలని కొందరు పిలుస్తున్నారు, అది పొరపాటు. యవలు బార్లీ. ఓట్సు వేరొక గడ్డిజాతి ధాన్యం. చల్లని, తేమగల వాతావరణంలో బాగా పండుతుంది. మన దేశంలో ఉత్తరాది రాష్ట్రాలలో ఈ పైరును ఎక్కువగా పశుగ్రాసం కొరకు వేస్తారు. ఇందులో కొవ్వు వరి, గోధుమలకన్న ఎక్కువ, ఇంచుమించు ఏడు శాతం. పొట్టు తీసిన గింజను ఊరక ఉంచితే దానిలోని ఒక ఎంజైము ఆ కొవ్వును విరిచి చేదు పుట్టిస్తుంది. అందువలన మిల్లులో దానిని ఆవిరి పట్టి వేడిచేసి ఎంజైము పని కట్టివేస్తారు. తరువాత రోలర్ల మధ్య నలగగొడితే మన అటుకులవంటి రేకులు వస్తాయి. రేకు దళసరిగా ఉంటే 'రోల్డ్ ఓట్స్' అని, ముందుగా బాగా ఉడికించి మరీ పలుచగా నలిపితే 'ఇన్‌స్టంట్ ఓట్స్' అని డబ్బామీద వ్రాస్తారు. రెండూ ఒకే గింజ అయినా కడుపులోకి పోయిన తరువాత నడత వేరు. గ్లూకోజును 100గా పెట్టుకొని, ఆహారం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో కొలిచే అంతర్జాతీయ పట్టికలలో దళసరి రేకుల జావ విలువ సుమారు 55. ఇన్‌స్టంట్ రకానిది సుమారు 79. గింజ ఎంత నలిగితే అంత త్వరగా అరుగుతుంది, చక్కెర అంత త్వరగా రక్తానికెక్కుతుంది. కాబట్టి కొనేటప్పుడు దళసరి రకమే కొనవలెను. మసాలా కలిపిన పొట్లాలలో ఉప్పు కూడా చేరుతుంది. అవి ఈ వంటకు బొత్తిగా పనికిరావు.

ఓట్సుకు ఇంత పేరు తెచ్చినది దానిలోని బీటా గ్లూకాన్ అనే పీచు. ఇది నీటిలో కరిగి జిగురవుతుంది. ఓట్సు జావ చల్లారిన గిన్నెను కడిగినవారికి ఈ జిగురు పరిచితమే. ప్రేగులో కూడా ఇది అట్లే చిక్కబడి, చక్కెర రక్తంలోకి పోయే వేగాన్ని తగ్గిస్తుంది. పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకొని బయటకు తీసుకొని పోతుంది. ఆ లోటు పూరించుకొనడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాలును వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే ప్రయోజనం ఉంటుందని 1997లో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ అంగీకరించి, సంతృప్త కొవ్వు తక్కువగా ఉండే భోజనంతో పాటు ఇది గుండెజబ్బు ప్రమాదాన్ని తగ్గించవచ్చునని డబ్బాలమీద వ్రాసుకొనడానికి అనుమతించినది. నూరు గ్రాముల ఓట్సులో ఈ పీచు 4 గ్రాముల ప్రాంతం ఉంటుంది. మనం చెప్పుకోబోయే కొలతలో ఒకరి వంతుకు వచ్చేది 40 గ్రాముల ఓట్సు, అనగా గ్రామున్నర పైచిలుకు. సగం పని అయినదన్నమాట. మిగిలిన సగానికి సాయంత్రం ఇంకొక చిన్న గిన్నెడు జావ త్రాగవచ్చును.

ఇక తీపి. పాశ్చాత్య వంట పుస్తకాలలోని కాల్చిన ఓట్సులో అరకప్పు ముడి చక్కెర వేయమని తరచు కనబడుతుంది. అరకప్పు అంటే ఇంచుమించు 100 గ్రాములు. ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి నాలుగు చెంచాలు! చక్కెర మానివేసినామని చెప్పి, బదులుగా తేనెయో, బెల్లమో పోసేవారు మన ఇండ్లలో తక్కువేమీ లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనలలో తేనెను, పండ్ల రసాన్ని కూడా చక్కెరతోనే కట్టివేసినది. రోజంతా తినే శక్తిలో ఇట్టి చక్కెర పదో వంతుకు మించరాదనీ, ఇరవయ్యో వంతుకు, అనగా సుమారు 25 గ్రాములకు, తగ్గిస్తే ఇంకా మేలనీ ఆ సంస్థ అభిప్రాయం. బెల్లంలో ఇనుము కొద్దిగా ఉన్నమాట వాస్తవమే; కాని ఆ కొద్దిపాటి ఇనుము కొరకు తినే బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. పండును పండుగా తింటే ఈ లెక్కలోకి రాదు. దాని తీపి పీచులో, కణాల గోడల నడుమ చిక్కుకొని ఉండి నెమ్మదిగా విడివడుతుంది. రసం పిండి పిప్పి పారవేసిన క్షణాన ఆ తేడా పోతుంది.

ఇప్పుడు వంటకు వద్దాము. నలుగురికి 160 గ్రాముల దళసరి ఓట్సు, బాగా మాగి తొక్క మచ్చలు పడిన అరటిపండ్లు రెండు, ఆపిలు ఒకటి, పాలు 400 మిల్లీలీటర్లు, కోడిగుడ్డు ఒకటి, బేకింగు పౌడరు ఒక చెంచా, దాల్చినచెక్క పొడి అరచెంచా, రెండు ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, వేయించి పొట్టు తీసిన వేరుసెనగపప్పు గుప్పెడు కావలెను. గుడ్డు తిననివారు ఒక పెద్ద చెంచా అవిసెగింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీటిలో పది నిమిషాలు నానబెడితే అదే పని చేస్తుంది. అరటిపండు మచ్చలు పడినదే ఎందుకంటే, మాగేకొద్దీ దానిలోని పిండి చక్కెరగా మారుతుంది. పచ్చిగా ఉన్నది వేసి, చాలలేదని చక్కెర డబ్బా దించడం దండగ.

అరటిపండ్లను మెత్తగా మెదిపి, గుడ్డు, పాలు చేర్చి గిలకొట్టవలెను. వేరొక గిన్నెలో ఓట్సు, బేకింగు పౌడరు, పొడులు, ఉప్పు కలిపి, ఆ పాలు దీనిలో పోసి, తొక్కతోనే కోసిన ఆపిలు ముక్కలు, వేరుసెనగపప్పు వేసి కలిపి పది నిమిషాలు ప్రక్కన పెట్టవలెను. ఈ పది నిమిషాలు మిగుల్చుకొందామనుకొంటే రేకు నానక, అడుగున పాలు, పైన గట్టి పొర తేలుతాయి. నెయ్యి పూసిన గాజు పళ్ళెంలో రెండంగుళాల మందం మించకుండా పోసి, ముందే 180 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడెక్కిన ఓవెనులో 35 నుండి 40 నిమిషాలు ఉంచవలెను. అంచులు పళ్ళెంనుండి విడివడి, నడుమ గుచ్చిన కత్తి తడి అంటక రావడం గుర్తు. తీసిన వెంటనే కోయరాదు. చల్లారుతున్నకొద్దీ ఓట్సు జిగురు బిగిసి ముక్క నిలుస్తుంది. ఒక్కొక్క వంతులో సుమారు 340 కెలోరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు, 7 గ్రాముల పీచు ఉంటాయి. మధ్యాహ్న భోజనం వరకు ఆకలి ఆగడానికి ఇది చాలును.

ఓవెను లేని ఇండ్లే ఎక్కువ. ఇక రాయదుర్గం చుట్టుప్రక్కల హాస్టళ్ళలో గది పంచుకొని ఉండే యువతీయువకులకు ఓవెను మాట అటుంచి, పొయ్యి దొరకడమే గగనం. ఇంట్లో ఇడ్లీపాత్ర ఉంటే చాలు: పైన చెప్పిన మిశ్రమాన్నే నెయ్యి పూసిన చిన్న గిన్నెలలో మూడువంతులు నింపి పాతికనిమిషాలు ఆవిరిమీద ఉడికించవచ్చును. పైన బంగారురంగు పొర రాదు, మెత్తగా కుడుమువలె ఉంటుంది. రుచిలో నాకైతే ఇదే మిన్న. పొయ్యి కూడా లేనివారు గుడ్డు, బేకింగు పౌడరు మానివేసి, కాచి చల్లార్చిన పాలలో ఓట్సు, అరటిపండు కలిపి రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే ప్రొద్దుటికి తినడానికి సిద్ధం.

పండ్ల విషయంలో మాత్రం కొంత వివేకం కావలెను. ఆపిలు ఏడాది పొడుగునా దొరుకుతున్నదని అదే పట్టుకు కూర్చోనక్కరలేదు. వేసవిలో బంగినపల్లి ముక్కలు వేస్తే అరటిపండు ఒకటి తగ్గించవచ్చును. సపోటా వేడికి మరింత తియ్యనవుతుంది. అనాసను పచ్చిగా పాలలో వేయరాదు. దానిలోని ఎంజైము పాల మాంసకృత్తులను విరిచి చేదెక్కిస్తుంది. ముక్కలను విడిగా ఐదారు నిమిషాలు ఉడికించి వేస్తే ఆ బాధ ఉండదు. బొప్పాయికి కూడా అదే నియమం. సీతాఫలం సంగతి వేరు. మహబూబునగరు ప్రాంతపు బాలానగరు సీతాఫలాలు శరత్కాలంలో నగరాన్ని ముంచెత్తేవేళ వాటిని చూచి ఆగడం కష్టమే. కాని ఆ గుజ్జును కాలిస్తే కమ్మదనం పోయి చేదు తగులుతుంది. గింజలు తీసి, చల్లారిన ముక్కమీద మీగడవలె పరచుకోవలెను. జామ కూడా పచ్చిగా పైన వేసుకోవలసినదే. నూరు గ్రాముల జామలో ఇంచుమించు 200 మిల్లీగ్రాముల విటమిన్ 'సి' ఉన్నది. ఓవెనులో పెడితే అందులో చాలాభాగం వేడికి నశిస్తుంది. పైగా ఓట్సులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ విటమిన్ తోడ్పడుతుంది. ఫలహారంతోపాటే టీ త్రాగితే ఆ మేలు తగ్గుతుంది కనుక టీని ఒక గంట వెనుకకు జరపడం మంచిది. మన వారిలో ఈ ఒక్క సలహా పాటించేవారు అరుదని నాకు తెలియకపోలేదు.

ఓట్సు ఖరీదు ఎక్కువనిపించినవారికి, మన ధాన్యమే కావలెననేవారికి జొన్న అటుకులు ఉన్నవి. రాజేంద్రనగరులోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నలనుండి అటుకులు, రవ్వ, సేమ్యా వంటివి తయారుచేసే పద్ధతులను రూపొందించినది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత ఇట్టివి నగరపు అంగళ్ళలో సులభంగా దొరుకుతున్నవి. జొన్నకు ఓట్సుజిగురు లేదు. అందువలన గుడ్డునుగాని, అవిసెపొడినిగాని మానరాదు. సగం ఓట్సు, సగం జొన్న వేసినప్పుడు ముక్క చక్కగా నిలుస్తుంది.

మధుమేహం ఉన్నవారు మెదిపిన అరటిపండ్లలో ఒకటి తగ్గించి ఆపిలు ముక్కలు పెంచుకోవలెను. ఎంత తినవచ్చునో తమ వైద్యుని అడిగి నిశ్చయించుకోవలెను. గోధుమ సరిపడని సీలియాక్ వ్యాధిగ్రస్తులు గ్లూటెన్ లేని ఓట్సని స్పష్టంగా ముద్రించిన పొట్లమే కొనవలెను, అదీ వైద్యుడు సరేనన్న తరువాతనే.

పూర్తిగా చల్లారిన ముక్కలను మూతగల డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు నిలుస్తాయి. ఉదయం మూకుడులో మూతపెట్టి సన్నని సెగమీద వెచ్చచేసి, రెండు చెంచాల పాలు చిలకరిస్తే మెత్తబడుతుంది. కొన్న ఓట్సు పొట్లాన్ని వానకాలంలో విప్పి ఉంచరాదు. చెమ్మ తగిలితే ముక్కవాసన వస్తుంది. పిల్లల బడి డబ్బాలో పెట్టదలచినపుడు పైన వేసే జామముక్కలను వేరే చిన్న గిన్నెలో పెట్టవలెను. లేకున్న నీరూరి ముక్క నానిపోయి, సాయంత్రం డబ్బా నిండుగానే ఇంటికి తిరిగివస్తుంది.