వెనుదిరుగు నీరు - బావికి కావలి



నీరు పల్లమెఱుగునని మన పెద్దలు చెప్పిరి. గొట్టములోని నీరు పల్లమునే గాక యొత్తిడిని గూడ నెఱుగును. ఒత్తిడి తగ్గిన వైపునకు మరలుట దాని స్వభావము. ఈ సంగతి మఱచినచో, పైరునకై కలిపిన మందు బావిలోనికే చేరవచ్చును.

ఎట్లనగా, మోటారు తిరుగుచున్నంతవఱకు నీరు ముందునకు పోవును. కరెంటు పోయినంతనే గొట్టములోని నీరు తన బరువుచే బోరులోనికి జారును. అప్పుడు రెండవ కొన దేనిలో మునిగియున్న దానిని పీల్చుకొనును. రబ్బరు గొట్టముతో డబ్బానుండి కిరసనాయిలు తీయుట మీరెఱిగినదే, ఇదియు నట్టిదే. పురుగుమందు కలుపు పీపాలో గొట్టపుకొన మునిగియున్నను, బిందుసేద్యపు గొట్టములలోనికి ఎరువు నెక్కించుచున్నను ఈ యపాయము కలదు.

మహానగరములకును ఇది తప్పలేదు. 1933వ సంవత్సరమున చికాగోలో ప్రపంచ ప్రదర్శనము జరుగుచుండగా, రెండు హోటళ్లలో గొట్టముల లోపమువలన మురుగు త్రాగునీటితో కలిసి, అమీబా జిగటవిరేచనములు వ్యాపించి 98 మంది మరణించిరి.

నివారణోపాయములు మూడు.

మొదటిది ఎడము. గొట్టపుకొనను పీపా యంచునకు పైన, గొట్టపు వెడల్పునకు రెండింతల యెత్తున నిలుపవలెను. అంగుళపు గొట్టమునకు రెండంగుళములు. నడుమ గాలియున్నచో పీల్చుటకు నీరందదు.

రెండవది నాన్ రిటర్ను వాల్వు. దీనిని మోటారునకు పిమ్మట, ఎరువు కలియు చోటునకు ముందు బిగింపవలెను. నీరు వెనుదిరిగినంతనే దీని రేకు మూతపడును. బోరు మోటారులోనే వాల్వు గలదు గదా యని కొందఱందురు. అది భూమిలోపల నున్నది. ఇసుక యడ్డుపడి కారినను మనకు తెలియదు. కావున పైన వేఱొకటి యుండవలెను. ఏటికి రెండు మారులు విప్పి, ఇసుక తుడిచి, అరిగిన రబ్బరు మార్చవలెను.

మూడవది గాలి వాల్వు. మోటారునకు, పై వాల్వునకు నడుమ దీనిని అమర్చినచో, నీరు జారునప్పుడు బయటి గాలి లోనికి వచ్చి పీల్పును పోగొట్టును.

అనేక గృహములలో చేనికి పాఱు బోరునీరే బిందెలలోనికి వచ్చుచున్నది. నైట్రేటునకు రంగు లేదు, వాసన లేదు; కాచినను పోదు. లీటరు త్రాగునీటిలో అది 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణము. మించినచో పసిబిడ్డలకు ప్రాణాపాయము గూడ కలుగవచ్చును.

వాల్వు కొనుటకు పైకము కూడబెట్టవలసియుండవచ్చును. గొట్టపుకొనను పీపానుండి పైకి తీయుటకు కానియైన నక్కఱలేదు. ఆ పని నేడే చేయుడు.