రాతిని వెలుగుగా మార్చి చదువు విద్య

కోలారు బంగారు గనుల ప్రాంతమున పుట్టి పెరిగిన పిల్లలకు సైనైడు దిబ్బలను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. దిబ్బలు మాత్రము అట్లే నిలిచినవి. వానిలో పదమూడింటిని మరల శోధించి బంగారము తీయుటకు 2024 జూనులో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. వాని మొత్తము సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులని లెక్క. ఆ పొడిలో ఏమున్నది, ఎంత యున్నది అను ప్రశ్న బంగారము కోరువారికే గాక, గాలి వీచు దినములలో కిటికీలు మూసికొను తల్లులకును సంబంధించినదే. కావున పదార్థములలోని మూలకములను కనుగొను ఒక నవీన పద్ధతిని గూర్చియు, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో యను దానిని గూర్చియు తలిదండ్రులకు కొంత చెప్పదలచితిమి.

పొంగిన ఉప్పునీరు పొయ్యిలో పడినప్పుడు మంట పచ్చగా మెరయుట మన ఇండ్లలో అందరు నెరిగినదే. ఆ పసుపు వెలుగు ఉప్పులోని సోడియముది. మిక్కిలి వేడెక్కి ఆవిరియైన ప్రతి మూలకమును తనకే చెల్లిన రంగుల గీతలను వెలువరించును. ఒకదాని గీతల వరుస మరియొకదానికి రాదు. ఈ సంగతిని జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ అను విద్వాంసులు 1860 ప్రాంతమున స్థిరపరచిరి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున మన తెలుగునాటి గుంటూరులో నిలిచి, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుని అంచున లేచు జ్వాలలను ఈ విధముననే పరిశీలించెను. తొమ్మిదికోట్ల మైళ్ల దూరమున నున్న వస్తువును ముట్టకయే చదువుట కాదా యిది!

సూర్యుడు తనంతట తానే మండుచున్నాడు. చల్లని రాయి మండదు గదా. దానిని మండించు సాధనము 1960లో మైమన్ నిర్మించిన లేసరుతో లభించినది. సెకనులో నూరుకోట్లవ వంతులు కొన్ని మాత్రమే నిలుచు లేసరు తళుకును కటకముతో రాతిపై సూదిమొనయంత చోట చేర్చుదురు. అచటి పదార్థము కంటికి కానరానంత కొలది ఆవిరియై, సూర్యుని ఉపరితలముకన్న మించిన వేడితో చిన్న నిప్పురవ్వవలె వెలుగును. దీనినే ప్లాస్మా యందురు. మొదటి క్షణమున అన్ని రంగులు కలిసిన తెల్లని కాంతి గీతలను మరుగుపరచును. అందుచే ఇంచుక తాళి, రవ్వ చల్లారునప్పుడు వచ్చు వెలుగును యంత్రము రంగులుగా విడదీసి చదువును. ఆమ్లములు అక్కరలేదు, గంటల కొలది వేచియుండుటయు లేదు. బెంగుళూరులో సిద్ధమైన ఇట్టి సాధనమొకటి 2023 ఆగస్టులో చంద్రయాన్-3 వెంట చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమునకు పోయి, అచటి మట్టిలో గంధకమున్నట్లు తెలిపినది. వార్తాపత్రికలలో ‘లిబ్స్’ అని చదివినది దీని పేరే.

ఇంతవరకు అంతయు సుఖముగనే యున్నది. చిక్కెల్లయు రాతి స్వభావములో నున్నది. కంసాలి గీటురాయిపై నగను గీచి వన్నె చెప్పగలడు. నగ కరగి పోతపోయబడినది గనుక అంతటను ఇంచుమించు ఒకే తీరుగ నుండును. మన చాంపియన్ రీఫు రాయి అట్టిది కాదు. తెల్లని పలుగురాతి ప్రక్కన నల్లని శిల, నడుమ ఎచటనో బంగారు రేణువు. తళుకు పలుగురాతిపై పడినచో యంత్రము ‘సిలికాన్, ఆక్సిజన్’ అనును. రేణువుపై పడినచో ‘బంగారము’ అని కేకవేయును. రెండును నిజములే, కాని రెండును ఆ రాతిని గూర్చి చెప్పినవి కావు. అంతియే గాక, ఉపరితలము ఎగుడుదిగుడైనచో కటకమునుండి దూరము మారి, రవ్వ ఒకమారు బలముగను ఒకమారు బలహీనముగను పుట్టును. మెత్తని మట్టిలోను గట్టి రాతిలోను ఒకే పరిమాణమున నున్న ఇనుము కూడ వేర్వేరు ప్రకాశముతో కనిపించును.

బంగారము విషయమున లెక్క మరింత కఠినము. టన్నుకు ఒక గ్రామున్నదనుకొందము. అది అంతయు ఒకచోట చేరినచో పెసరగింజకన్న కొంచెము పెద్దది. దానిని మిల్లీమీటరులో పదవవంతు కొలతగల రేణువులుగా విడగొట్టినచో దాదాపు ఏబదిరెండు వేలగును. అనగా సుమారు పందొమ్మిది గ్రాముల పొడికి ఒక రేణువు. పది గ్రాముల చొప్పున పొట్లములు కట్టినచో, పదింట ఆరు పొట్లములలో ఒక్క రేణువైనను ఉండదు! ఇక లేసరు తళుకు తాకునది సూదిమొనయంతయే. అందువలననే నేటికిని బంగారపు తూకము చెప్పుటకు గనులవారు పాత అస్సే పరీక్షనే విడువలేదు. ముప్పది, ఏబది గ్రాముల పొడిని సీసముతో కరగించి, ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో సీసమును పోగొట్టి, మిగిలిన పూసను తూచు విధానమది. నెమ్మదియైనదే, కాని ఒక చుక్కను గాక ఒక పిడికిలిని తూచును.

అయినను లిబ్స్ నిరుపయోగమని మా అభిప్రాయము కాదు. పొడిని మెత్తగా నూరి బిళ్లగా అదిమి, దానిని కదల్చుచు వందలకొలది చోట్ల తళుకులు వేసి సగటు కట్టినచో, ఇనుము, కాల్షియము, సిలికాన్, సోడియము వంటి అధిక పరిమాణపు మూలకములను చక్కగా తెలుపును. పరిమాణము ముందే తెలిసిన అట్టి పొడులతోనే యంత్రమును సరిచూడవలెను. ఏ పొడి ఏ శిలనుండి వచ్చినదో త్వరగా వేరుచేయుటకు అది మంచి తోడు. కాని దశ లక్షలలో ఒక పాలుగా నున్న బంగారమును ఒక్క తళుకుతో లెక్కగట్టితినని ఎవరైన చెప్పినచో, ఎన్ని చోట్ల చూచితివని అడుగుట మనకు తగును.

దిబ్బల సంగతియు అంతే. అవి ఒకనాడు ఒకేమారు పోసినవి కావు. అనేక దశాబ్దముల పాటు, వేర్వేరు గనుల రాతినుండి, మారుచు వచ్చిన పద్ధతులతో పేరుకొన్నవి. పై పొరను వానలు కడిగినవి, లోపలి పొర నేటికిని పోసినప్పటివలె నుండవచ్చును. వానిని తెలిసికొనుటకు పైన ఒక దోసెడు తీసినచో చాలదు. చదరపు గళ్లుగా గుర్తించి, పైనుండి అడుగువరకు రంధ్రములు వేసి, ఒక్కొక్క లోతు పొడిని వేరు సంచిలో కట్టి, చక్కగా కలిపి, నాలుగు భాగములు చేసి, అందొక భాగమునే పరీక్షకు పంపవలెను. లేసరు వెలుగు అటు తరువాతి పని.