నిప్పుల మీద చిల్లీ

ఆల్గాన్‌క్విన్ పార్కులో డేరా వేసి చిల్లీ వండుతామని మనవాళ్ళెవరైనా అంటే, నేను ముందు రాజ్మా సంగతి అడుగుతాను. కారం సంగతి తర్వాత. ఎండు రాజ్మాలో ఫైటోహీమగ్లూటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. గింజల్ని కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో 30 నిమిషాలు తెర్లనివ్వాలి. సన్నసెగన ఉడికీ ఉడకకుండా వదిలేస్తే విషం పెరగవచ్చు కూడా; కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. ఇంట్లో కుక్కరు ఈ పని చేసిపెడుతుంది కనుక మనకెప్పుడూ అనుమానం రాదు. కట్టెల పొయ్యికి ఆ నిలకడ లేదు.

అందుకని ముందే ఉడికిన డబ్బా రాజ్మా మేలు. అయితే పడవేసుకుని లోపలి సరస్సులకు వెళ్ళేవారికి అక్కడ ఆహారపు డబ్బాలు, సీసాలు నిషిద్ధం. ఇంట్లోనే ఉడికించి, ఆరబెట్టి పట్టుకెళ్ళాలి.

మంట తగ్గి నిప్పులయ్యాకే గిన్నె పెట్టండి. ఉల్లిపాయలు, కీమా వేగాక టమాటాలు, జీలకర్రపొడి, రాజ్మా. గిన్నె కడగకుండా మాత్రం పడుకోకండి. ఎలుగుబంటికి ముక్కు మహా చురుకు.