లెర్నింగ్ అగ్రిమెంట్

స్పెయిన్‌లోని గ్రనడాలో చదివే విద్యార్థి ఒక సెమిస్టర్ కోసం ఇటలీలోని బొలోన్యాకు వెళ్లాలంటే, విమానం టికెట్టు కంటే ముందు సిద్ధం చేసుకోవాల్సిన కాగితం ఇది. విద్యార్థులు కొంతకాలం వేరే దేశపు విశ్వవిద్యాలయంలో చదివేలా ఐరోపాలో 1987లో మొదలైన ఎరాస్మస్ పథకానికి ఇదే ఆయువుపట్టు. ఇందులో ‘ఎ’ పట్టికలో అక్కడ చదవబోయే సబ్జెక్టులు, ‘బి’లో వాటికి బదులుగా సొంత విశ్వవిద్యాలయం గుర్తించే సబ్జెక్టులు ఉంటాయి. విద్యార్థి, పంపే సంస్థ, చేర్చుకునే సంస్థ సంతకాలు పెట్టాలి. లెక్కంతా ఐరోపా ఉమ్మడి క్రెడిట్ పద్ధతి అయిన ఈసీటీఎస్ క్రెడిట్లలోనే: ఏడాదికి 60, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు.

తీరా వెళ్లాక రెండు తరగతులు ఒకే వేళకు పడితే? పాఠం ఇటాలియన్‌లోనే చెబుతారని తెలిస్తే? సబ్జెక్టు మార్చుకోవచ్చు. అందుకు ఒప్పందంలోనే వేరే భాగం ఉంది. నోటిమాట చెల్లదు, ఆ మార్పును ముగ్గురూ ఒప్పుకోవాలి. పథకం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ వెసులుబాటే. సెమిస్టర్ వృథా అయితే తట్టుకోలేని కుటుంబాల పిల్లలకు ఇదే ధీమా. పైగా అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు.

ఐరోపా విశ్వవిద్యాలయంతో ఎరాస్మస్ ఒప్పందమున్న మన కాలేజీల విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు. మీ కాలేజీకి అది ఉందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.