పలు భాషలు, ఒక వేదిక

పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుగన్న ఊరు. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి ఈ ఊరి మీదుగనే పోవుచున్నది. సాయంకాలము అంగడి వీధిలో నిలిచి చెవియొగ్గినవారికి తెలుగుతోపాటు ఉర్దూ వినబడును. లారీలవారి హిందీ వినబడును. తండాల నుండి వచ్చినవారు తమలో తాము మాటలాడుకొను లంబాడీ వినబడును. బేరమునకు ఇన్ని భాషలు పనికివచ్చుచున్నచోట పాటకును పద్యమునకును ఏల పనికిరావు? నగరములలో ‘ఓపెన్ మైక్’ అను పేరిట జరుగుచున్న బహుభాషా కవితా సంగీత సభలను గూర్చి తలచినప్పుడెల్ల మాకు ఈ ప్రశ్న తోచుచుండును.

ఈ సభల పద్ధతి మిక్కిలి సులభమైనది. ఆహ్వానపత్రిక లేదు, సన్మానము లేదు. వచ్చినవారు ద్వారము వద్ద చీటీపై పేరు వ్రాయించుకొందురు. వంతు వచ్చినప్పుడు మైకు ముందు నిలిచి కొన్ని నిమిషములలో తమ కవితనో పాటనో వినిపించి దిగిపోవుదురు. హైదరాబాదు బంజారా హిల్సులో 2010లో ప్రారంభమైన లామకాన్ ఇట్టి కార్యక్రమములకు ప్రసిద్ధి చెందినది.

పలు భాషల కవులను ఒకచోట కూర్చుట మన రేడియోకు క్రొత్త కాదు. ఆకాశవాణి 1956 నుండి సర్వభాషా కవి సమ్మేళనమును నిర్వహించుచున్నది. గణతంత్ర దినోత్సవమునకు ముందునాటి రాత్రి ఇది ప్రసారమగుట ఆచారము. కవి తన భాషలో చదువును. వెంటనే దాని హిందీ అనువాదము వినిపింతురు. ప్రాంతీయ కేంద్రములు తమ తమ భాషల అనువాదములను శ్రోతలకు అందించును. అయితే అది ఎంపిక చేయబడిన కవుల సభ. రాజ్యాంగపు ఎనిమిదవ అనుసూచికలో 1950లో పదునాలుగు భాషలుండగా నేడు ఇరువదిరెండు ఉన్నవి. మాచర్ల, బొల్లాపల్లి ప్రాంతముల తండాలలో పలుకు లంబాడీ ఆ పట్టికలో నేటికిని చేరలేదు. ఢిల్లీ వేదికపై స్థానము దొరకని భాషకు పిడుగురాళ్ల వేదికపైనైనను అయిదు నిమిషములు దొరకవలదా?

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తెలియని భాషను శ్రోత ఎంతసేపు వినును? ఒక పాటను రాగము కొరకు వినును, రెండవదానిని మర్యాద కొరకు వినును, మూడవదానికి లేచి టీ త్రాగుటకు పోవును. ఇందుకు శ్రోతను నిందించి ప్రయోజనము లేదు. పాట చెవిని చేరినంతమాత్రమున మనసును చేరినట్లు కాదు. నడుమ ఒక మధ్యవర్తి కావలెను.

పల్నాటివారికి ఈ మధ్యవర్తి పాతచుట్టమే. పిడుగురాళ్లకు పడమటగా నున్న కారెంపూడిలో కార్తీక అమావాస్యకు ఆరంభమై, రాచగావు మొదలు కళ్లిపాడు వరకు అయిదు దినములు వీరుల ఉత్సవము జరుగును. వీరవిద్యావంతులు ఆ కథను పాడుచు, నడుమ నడుమ పాట నాపి వచనములో నడిపింతురు. పాట అందనివానికి వచనము అందును. వచనము విన్నవాడు మరల పాటలోనికి వచ్చును. బుర్రకథలో కథకుని ఇరుప్రక్కల నిలుచు వంతలు చేయు పనియు ఇట్టిదే. ఒకరు ప్రశ్నించి విషయము విప్పింతురు, ఒకరు నవ్వింతురు. పల్నాటి యుద్ధమును బుర్రకథగా చెప్పి తెలుగునాట మారుమ్రోగించిన షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ముస్లిము కుటుంబమున పుట్టినవారు. బ్రహ్మనాయుని చాపకూటి కథను ఆయన నోట విన్నవారెవరును ఇది ఎవరి కథయని అడిగియుండరు.

ఉర్దూ ముషాయిరాకును మన పద్య నాటకమునకును ఉన్న పోలికను గమనించినవారు కొందరే. ముషాయిరాలో కవి ఒక చరణము చదువగనే సభ ‘వాహ్‌వా’ యనును. మరల వినగోరినచో ‘ముకర్రర్’ అనును. మనవారు నాటకములో ‘వన్స్‌మోర్’ అని కేకవేయుదురు. వినుకొండలో 1895లో జన్మించిన జాషువ మహాకవి శ్మశానవాటిక పద్యములు హరిశ్చంద్ర నాటకములో చేరి పల్లెపల్లెను మ్రోగినది అట్టి కేకల నడుమనే. ఆ కవియే కొంతకాలము మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా పనిచేసెను. రాగము తీసి చదువు గజలును, రాగము తీసి చదువు పద్యమును ఒకే సాయంకాలము ప్రక్కప్రక్కన వినిపించినచో, రెండింటి అభిమానులును ఒకరినొకరు గుర్తుపట్టుదురని మా నమ్మకము. దాశరథి గాలిబ్ గీతములను 1961లో తెలుగు చేసినప్పటినుండి ఆ గజళ్ల భావము మనవారికి అపరిచితము కాదు.

లంబాడీ పాటకు ఇట్టి సౌకర్యము లేదు. తమదైన లిపి యొకటి వాడుకలో లేక ఆ పాట నోటినుండి నోటికే వచ్చినది. శ్రావణమాసపు తీజ్ పండుగలో పెండ్లికాని బాలికలు బుట్టలలో గోధుమ మొలకలను తొమ్మిది దినములు పెంచుచు పాడు పాటలు వారి ఇంటి సొత్తు. ఒక తండా వృద్ధురాలు వేదికనెక్కి ఆ పాట నందుకొన్నదనుకొందము. వివరణ లేనిచో సభ ఆమె అద్దాల రవికను చూచును, పాటను వినదు. వేడుకగా చప్పట్లు కొట్టును. అది ఆమెకు గౌరవము కాదు. మొలక ఎందుకు పెంచుదురో, తొమ్మిదవనాడు ఏమి చేయుదురో ముందుగా రెండు మాటలు చెప్పినచో అదే పాట సభకు పాటగా వినబడును. బడిలో తెలుగే మాటలాడి ఇంటిభాషకు సిగ్గుపడు ఆమె మనుమడు ఆ రెండు మాటలు చెప్పగలిగినచో ఇంకను మేలు.

కావున సమ్మేళనములో అనువాదము వెనుక వచ్చిన, ఊరి సభలో సారాంశము ముందు రావలెనని మా అభిప్రాయము. అదియు రెండు మూడు వాక్యములకు మించరాదు. అప్పటికప్పుడు పద్యమును పద్యముగా అనువదింపబూనుట సాహసము. మూలము చెడును, కాలమును చెడును. అనువాదకుని పాండిత్యము చూపుటకు వేరొక సభ కలదు.

మైకు విషయమున ఒక మాట. గజల్ పాడువారు మైకునకు జానెడు దూరమున నుండవచ్చును. పంబ వాద్యమును అంత దగ్గరకు తెచ్చినచో శ్రోతల చెవులు గింగురుమనును. దానిని నాలుగడుగులు వెనుకకు జరిపి గాయకుని ముందు నిలుపవలెను. తొలిసారి పాడువారు మైకును చూచి గొంతు తగ్గింతురు, లేదా పొలములో పిలిచినట్లు పిలుతురు. వారికి ఒక్క నిమిషము ముందుగా గొంతు సరిచూచుకొను అవకాశమీయవలెను.

చీటీపై పేరుతోపాటు భాషయు, పాట సారాంశమును తెలుగు లిపిలో వ్రాయుట మంచిది. వ్రాత రానివారు చెప్పుచుండగా ద్వారము వద్దనున్నవారే వ్రాసి, మరల చదివి వినిపించి, ఔనన్న తరువాత వేదికకు పంపవలెను.