సైరన్ మోగకపోతే శాంతేనా?

ఇజ్రాయెల్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా అక్కడ పనిచేసే మనవాళ్లు దిల్లీ మీదుగా ఇళ్లకు చేరుతున్నారు. 2025 జూన్‌లో వాళ్లు ఏ దారిన వచ్చారో చూస్తే, ఆ దేశం ఏళ్ల తరబడి వెతుక్కుంటున్న శాంతి ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది.

2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడులు మొదలుపెట్టింది. ఇరాన్ క్షిపణులతో బదులిచ్చింది. టెల్ అవీవ్ దగ్గరి బెన్ గురియన్ విమానాశ్రయం మూతపడింది. ‘ఆపరేషన్ సింధు’ కింద మన ప్రభుత్వం అక్కడి భారతీయుల్ని రోడ్డు మీదుగా జోర్డాన్‌కు, ఈజిప్టుకు దాటించి, అక్కడి నుంచి విమానం ఎక్కించింది. జూన్ 24న జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి 161 మంది దిల్లీలో దిగారు. తెలుగువాళ్ల కోసం తెలంగాణ భవన్, ఆంధ్ర భవన్ హెల్ప్ డెస్కులు పెట్టాయి.

జోర్డాన్, ఈజిప్టు. ఈ రెండు పేర్ల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1948 నుంచి 1973 దాకా ఇజ్రాయెల్‌తో మళ్లీ మళ్లీ యుద్ధం చేసిన దేశం ఈజిప్టు. 1977 నవంబరులో దాని అధ్యక్షుడు అన్వర్ సాదాత్ జెరూసలేం వెళ్లి, శత్రుదేశపు పార్లమెంటులో నిలబడి మాట్లాడాడు. 1979 మార్చి 26న సంధి కుదిరింది. ఇజ్రాయెల్ సినాయ్ ద్వీపకల్పాన్ని ఈజిప్టుకు తిరిగి ఇచ్చేసింది. 1994 అక్టోబరులో జోర్డాన్‌తోనూ ఒప్పందమైంది. ఈజిప్టు సంధి మీద పెట్టిన సంతకానికి సాదాత్ తన ప్రాణంతో మూల్యం చెల్లించాడు. అయినా ఆ సంధి చెక్కుచెదరలేదు. ఆకాశం మూసుకుపోయిన ఆ జూన్‌లో మనవాళ్లు బయటపడింది ఆ రెండు సంధులు తెరిచి ఉంచిన సరిహద్దుల గుండానే. సంధి కుదరని లెబనాన్, సిరియా వైపు అలాంటి దారి లేదు.

తొంభై సెకన్లు

ఇజ్రాయెల్‌లో మామూలు మనిషికి యుద్ధం ముందు చెవికి తెలుస్తుంది. గాజా నుంచి రాకెట్ లేస్తే, పక్కనే ఉన్న స్దెరోత్ పట్టణానికి దొరికే వ్యవధి పదిహేను సెకన్లు. టెల్ అవీవ్‌కైతే తొంభై. స్దెరోత్‌లో బస్టాపులే షెల్టర్లు. అక్కడి ఒక పార్కులో పిల్లలు దూరి ఆడుకునే రంగురంగుల గొంగళిపురుగు బొమ్మ కూడా కాంక్రీటుదే. సైరన్ మోగితే ఆట ఆపి దాక్కోవాల్సింది అందులోనే.

1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ స్కడ్ క్షిపణులు పడ్డాక, కొత్తగా కట్టే ప్రతి ఇంట్లో ‘మమాద్’ అనే గట్టి కాంక్రీటు గది ఉండాలని చట్టం చేశారు. మామూలు రోజుల్లో అది పిల్లల పడకగది. పాత ఇళ్లలో అదీ లేదు. మెట్లు దిగి కింది షెల్టర్‌కు పరిగెత్తాల్సిందే. ఆ ఇళ్లలో వృద్ధులున్నారు. వాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లలో మన నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లిన కేర్‌గివర్లూ ఉన్నారు. మంచం మీద నుంచి పెద్దాయన్ని లేపి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు దాటించేసరికే ఆ తొంభై సెకన్లు అయిపోతాయి. వదిలి పరిగెత్తడానికి మనసొప్పదు. అలాంటి ఇంట్లో శాంతి అంటే ముసలాయన రాత్రంతా తన మంచం మీదే నిద్రపోగలగడం.

దిల్లీలోనూ కాపలా

ఆ భయం సరిహద్దు దాటి దిల్లీకీ వచ్చింది. 2012 ఫిబ్రవరి 13న ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం కారుకు, మోటారు సైకిల్ మీద వచ్చిన వ్యక్తి అయస్కాంత బాంబు అంటించి పోయాడు. బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవడానికి బయల్దేరిన ఒక దౌత్యాధికారి భార్య అందులో గాయపడింది. 2021 జనవరి 29న, 2023 డిసెంబరు 26న అదే కార్యాలయం దగ్గర పేలుళ్లు జరిగాయి. ఆ రెండుసార్లూ ఎవరికీ ఏమీ కాలేదు.

హుమాయూన్ రోడ్డులో జూడా హయమ్ ప్రార్థనామందిరం ఉంది. 1956లో కట్టింది. యూదులు శతాబ్దాలుగా ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి బతికిన దేశం మనది. అలాంటి చోట ఇవాళ ప్రార్థనకూ పోలీసు కాపలా కావాల్సి వస్తోంది. సైనిక సేవ ముగించుకుని ఏటా ఎందరో ఇజ్రాయెలీ యువతీయువకులు పహాడ్‌గంజ్‌లో దిగి, అక్కడి నుంచి హిమాలయాల బాట పడతారు. ఇరవై రెండేళ్ల వయసులో తుపాకీ దించిన మనిషికి, ఎవరికీ కాపలా కాయనక్కర్లేని కొన్ని నెలలు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

పొరుగుకు లేని శాంతి

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. చనిపోయినవాళ్లలో 74 ఏళ్ల వివియన్ సిల్వర్ ఒకరు. ఆమెది గాజా సరిహద్దులోని బేరీ అనే ఊరు. 2014 గాజా యుద్ధం తర్వాత పుట్టిన ‘విమెన్ వేజ్ పీస్’ ఉద్యమానికి ఆద్యుల్లో ఆమె ఉన్నారు. చికిత్స కోసం గాజా నుంచి వచ్చే రోగుల్ని తన కారులో ఇజ్రాయెల్ ఆసుపత్రులకు చేర్చేవారు. దాడికి మూడు రోజుల ముందే, పాలస్తీనా మహిళలతో కలిసి జరిపిన శాంతి ప్రదర్శనలో పాల్గొన్నారు. ఆమె పోయాక కొడుకు యోనతాన్ జెయిగెన్ పగ మాటెత్తలేదు. పని మానుకుని తల్లి బాటే పట్టాడు.

ఇలాంటివాళ్లు ఇవాళ ఇజ్రాయెల్‌లో తక్కువే. 1995 నవంబర్ 4న, శాంతిసభ ముగించుకుని వస్తున్న ప్రధాని ఇట్జాక్ రాబిన్‌ను ఒక యూదు తీవ్రవాదే కాల్చి చంపాడు. 2000 తర్వాత ఆత్మాహుతి దాడులు చాలామందిలో మిగిలిన నమ్మకాన్నీ తుడిచేశాయి. ముందు భద్రత, ఆ తర్వాతే శాంతి అన్నది అక్కడ ఎక్కువమంది మాట. వాళ్ల భయం నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు దూరాన ఉన్న మనకు లేదు.

కానీ గాజా సరిహద్దు గోడకు అవతలా మనుషులున్నారు. గాజాలో సైరన్ లేదు, షెల్టర్ లేదు, మమాద్ లేదు. అక్కడి ఆరోగ్యశాఖ లెక్కల ప్రకారం, అక్టోబర్ 7 దాడి తర్వాత మొదలైన యుద్ధంలో డెబ్బై వేల మందికి పైగా చనిపోయారు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరి, ప్రాణాలతో మిగిలిన చివరి ఇరవై మంది బందీలు ఇల్లు చేరారు. ఇరువైపులా తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. అయితే కాల్పులు ఆగడం వేరు, పొరుగువాడితో సంధి చేసుకోవడం వేరు. మొదటిది అక్కడ చాలాసార్లు జరిగింది. పాలస్తీనా ప్రజలకు సంబంధించి రెండోది ఓస్లో ఒప్పందాలతో 1993లో మొదలై సగంలో ఆగిపోయింది.

పాలస్తీనాను 1988లో గుర్తించి, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్న దేశం మనది. ఇద్దరి రాయబార కార్యాలయాలూ దిల్లీలోనే ఉన్నాయి. ఇద్దరితోనూ మాట్లాడగల రాజధాని ఒకరి పక్షాన నిలబడి సంతృప్తి పడకూడదు. సినాయ్‌ని తిరిగిచ్చి ఇజ్రాయెల్ పొందిన భద్రత ఏ కాంక్రీటు గదీ ఇవ్వలేదని, అలాంటి ఒప్పందమే పాలస్తీనాతోనూ కావాలని దిల్లీ గట్టిగా అడగాలి. ఇజ్రాయెల్‌లో వేలాది మంది మనవాళ్లు పనిచేస్తున్నారు గనక, ఆ మాట అడిగే హక్కూ బాధ్యతా మనకున్నాయి.