వేడెక్కే పాత లాప్‌టాప్

మా మదర్సా విద్యార్థుల మార్కుల పట్టికలన్నీ ఎనిమిదేళ్ల నాటి ఒక లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. వార్షిక పరీక్షల వేళ అది అరగంటకే మందగించి, ఆపై హఠాత్తుగా ఆగిపోసాగింది. వైరస్ అనుకొని విండోస్‌ను తిరిగి వేయించాము. డబ్బు పోయింది, జబ్బు పోలేదు.

అసలు కారణం వేడి. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరువైతే ప్రాసెసర్ తనను కాపాడుకొనేందుకు వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకుంటే యంత్రం ఆగిపోతుంది. అందుచేత ముందుగా గాలి వెలువడే రంధ్రాల వద్ద అరచేయి ఉంచి చూడాలి. ఫ్యాన్ హోరు వినబడుతున్నా గాలి తగలకుంటే దారి మూసుకుపోయినట్లే.

అడుగు మూత విప్పించగా, ఫ్యానుకూ లోహపు రేకులకూ నడుమ దుమ్ము కంబళి ముక్కవలె పేరుకొని ఉంది. పరుపుపై ఉంచి పనిచేసిన మా అలవాటే అందుకు చాలావరకు కారణం! ఛార్జరునూ బ్యాటరీ తీగనూ వేరుచేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకొని, మెత్తని బ్రష్షుతో శుభ్రపరచాలి. ప్రాసెసర్‌పై ఎండిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది చిన్న బఠాణీ గింజంత వేస్తే చాలు. (ఆ ద్రవం పేరు విని మా సహోపాధ్యాయులొకరు ఉలిక్కిపడ్డారు. అది తాగే వస్తువు కాదని నచ్చజెప్పవలసి వచ్చింది.)

వేడి తగ్గినా నిదానంగానే ఉంటే పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డి అమర్చడం మేలు. మేము మాత్రం ముందుగా పట్టికలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాము.

టచ్‌ప్యాడ్ పైకి ఉబికితే బ్యాటరీ వాచి ఉండవచ్చు. అటువంటి యంత్రాన్ని వెంటనే ఆపివేయాలి. దానిని నొక్కరాదు, గుచ్చరాదు, పిల్లల చేతికి అసలే ఇవ్వరాదు.